పెట్టెలో వడగాలి

మే నెల మధ్యాహ్నం రెంటచింతలలో వేపచెట్టు నీడన నిలబడితే ఒక సంగతి ఒంటికే తెలుస్తుంది. గాలి కదలకుండా ఉన్నంతసేపు ఉక్కపోస్తుంది, చెమట కారుతుంది, అయినా ఓర్చుకోవచ్చు. గాలి లేచిందంటే మాత్రం మొహానికి సెగ తగులుతుంది. థర్మామీటరు ఇందాకా 45 డిగ్రీలే చూపించింది, ఇప్పుడూ 45 డిగ్రీలే చూపిస్తుంది. మారిందల్లా గాలి కదలడమే. ఆ కదిలే వేడికి మనవాళ్ళు విడిగా ఒక పేరే పెట్టుకున్నారు. వడగాలి.

మన ఒంటికి అంటిపెట్టుకుని ఒక పలుచని గాలి పొర ఉంటుంది. ఒంటికే కాదు, గాలిలో ఉన్న ఏ వస్తువు చుట్టూ అయినా కొద్ది మిల్లీమీటర్ల మందాన గాలి దాదాపు కదలకుండా పట్టుకుని ఉంటుంది. వేడిని చేరవేయడంలో గాలి బాగా మందకొడి కాబట్టి ఆ పొర దుప్పటిలా పనిచేస్తుంది. చర్మం 34, 35 డిగ్రీల దగ్గర ఉంటే, బయటి 45 డిగ్రీల వేడి ఆ దుప్పటిలోంచి మెల్లగా దిగాలి. గాలి వీస్తే దుప్పటి పలచబడుతుంది. డిసెంబరులో అదే గాలి ఒంటి వెచ్చదనాన్ని ఊడ్చుకుపోయి వణికిస్తుంది, మేలో బయటి వేడిని తెచ్చి ఒంటికి కొడుతుంది. వేడి వేడి ఉప్మా మీద ఊదినప్పుడు మనం చేసేదీ ఆ పొరను తొలగించడమే.

ఫ్యాన్ ఉన్న కరెంటు ఓవెన్ ఈ వడగాలిని ఒక ఇనుప పెట్టెలో పుట్టిస్తుంది. "ఫ్యాన్ తిరిగితే వేడి చల్లారిపోదా?" అని మా ఇంటికి ఓవెన్ వచ్చిన కొత్తలో అమ్మ అడిగింది. చాలామందికి వచ్చే అనుమానమే అది. గదిలో ఫ్యాన్ మనల్ని చల్లబరుస్తుంది, ఎందుకంటే మామూలు రోజున గది మన ఒంటికన్నా చల్లగా ఉంటుంది. ఓవెన్‌లో గాలి 180 డిగ్రీలుంటే, లోపల పెట్టిన వంకాయ 30 డిగ్రీలుంటుంది. అక్కడ ఫ్యాన్ వంకాయ మీది చల్లని పొరను చెదరగొట్టి వేడిగాలిని దాని చర్మానికి ఆనిస్తుంది. గాలి నుంచి వంటకానికి వేడి అందే వేగం దీనితో రెండు మూడింతలు కావడం మామూలు. ఓవెన్‌తో చేసే మంచి వంటకైనా, ఓవెన్ వల్ల వచ్చే చిక్కులకైనా సగం కారణం ఈ గాలే. అందుకే డిగ్రీలూ నిమిషాలూ చెప్పేముందు గాలి గురించి ఇంతసేపు చెప్పాను.

ఈ ఆలోచన ఇళ్ళకోసం పుట్టలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసే రోజుల్లో, 1945 ప్రాంతంలో, అమెరికాలో విలియం మాక్సన్ అనే ఇంజనీరు విమానాల్లో వెళ్ళేవాళ్ళకు వేడి భోజనం అందించాలని చూశాడు. గడ్డకట్టించిన భోజనం పళ్ళాలను ఆకాశంలో త్వరగా, అన్నిటినీ ఒకేలా వేడిచేయాలి. బరువు తక్కువగా ఉండాలి. ఆయన ఓవెన్ వెనక ఒక ఫ్యాన్ బిగించాడు. దానికి పెట్టిన పేరు వర్ల్‌విండ్, అంటే సుడిగాలి. 2010లో ఫిలిప్స్ కంపెనీ ఎయిర్ ఫ్రయర్ అని తెచ్చింది కూడా ఈ సుడిగాలి పొయ్యి సంతతే. పెట్టె చిన్నది, ఫ్యాన్ జోరు ఎక్కువ, అంతే తేడా. నూనెలో వేయించడం అని పేరులో ఉన్నా అది చేసేది వడగాలిలో కాల్చడం.

మన ఇళ్ళలో ఓవెన్ అనే మాటకు మూడు అర్థాలున్నాయి. చాలామందికి ఓవెన్ అంటే మైక్రోవేవ్. అది వేడిగాలితో పనిచేయదు, రేడియో తరంగాలతో ఆహారంలోని నీటిని కదిలించి వేడెక్కిస్తుంది. రెండోది ఓటీజీ. పైనా కిందా ఎర్రబడే కాయిల్ కడ్డీలుంటాయి, కొన్నిట్లో పక్క గోడలోనో వెనక గోడలోనో ఫ్యాన్ ఉంటుంది. మీటమీద ఫ్యాన్ రెక్కల బొమ్మ ఉంటే అది ఫ్యాన్ ఉన్న రకం. మూడోది కన్వెక్షన్ మైక్రోవేవ్, ఈ రెండు పనులూ ఒకే పెట్టెలో చేసేది. తికమకంతా ఈ మూడోదానితోనే. మైక్రోవేవ్ మీట మీద అల్యూమినియం కేకు గిన్నె పెట్టకూడదు, నిప్పురవ్వలు లేస్తాయి. కన్వెక్షన్ మీట మీద అదే గిన్నె నిక్షేపంగా పెట్టుకోవచ్చు. మైక్రోవేవ్‌లో రోజూ వాడే ప్లాస్టిక్ డబ్బాను కన్వెక్షన్‌లో పెడితే మాత్రం కరిగిపోతుంది. ఇంట్లో నలుగురు వాడే పెట్టె అయితే ఏ మీటకు ఏ గిన్నో రాసి తలుపు పక్కన అంటించడం మంచిది.

భట్టీ, కుక్కరు, రేకు పెట్టె

హైదరాబాదు ఇరానీ బేకరీల వెనక ఉండే ఇటుక భట్టీకి ఫ్యాన్ ఎందుకు అక్కర్లేదో చూస్తే, ఇంటి ఓవెన్‌కు ఎందుకు కావాలో తెలుస్తుంది. మందమైన ఇటుకలు గంటల తరబడి వేడిని తాగి, తర్వాత నాలుగు వైపుల నుంచీ ఒకేలా సెగను వెదజల్లుతాయి. ఆ సెగకు గాలితో పనిలేదు, ఎండలాగా నేరుగా వచ్చి తగులుతుంది. ఇంట్లో కుక్కరు అడుగున ఇసుకో ఉప్పో పోసి, గాస్కెట్ తీసి, విజిల్ పెట్టకుండా కేకు చేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఇసుక అక్కడ ఇటుకల పని చేసేది, వేడిని పట్టి ఉంచి మెల్లగా వదిలేది.

ఇంటి ఓటీజీ గోడలు పలుచని రేకు. వేడిని దాచుకునే శక్తి వాటికి లేదు. కడ్డీలు ఎర్రగా ఉన్నప్పుడు వాటికి ఎదురుగా ఉన్న వైపు మాడుతుంది, చాటున ఉన్న వైపు తెల్లగా మిగులుతుంది. ఇటుక చేసే సమానమైన పంపకాన్ని ఈ రేకు పెట్టెలో ఫ్యాన్ చేస్తుంది.

గాలి చేసే మరో పని నీటిని మోసుకుపోవడం. వడియాలు పెట్టే చేతులకు ఇది బాగా తెలుసు. ఎండ ఎంత కాసినా గాలి లేని రోజున అవి మెత్తగానే ఉంటాయి, ఎండకు గాలి తోడైతే సాయంత్రానికి గలగలలాడతాయి. ఓవెన్‌లో బెండకాయ ముక్కల మీద తడి ఉన్నంతసేపు, చుట్టూ 200 డిగ్రీలున్నా ముక్క పైభాగం 100 దాటదు. వచ్చిన వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. కిలో నీరు ఆవిరి కావడానికి దాదాపు 2257 కిలోజౌళ్ళ వేడి కావాలి. అదే కిలో నీటిని 30 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి సరిపోయేదానికన్నా ఇది ఏడింతలకు పైనే. తడి పోయాకే పైపొర 140 డిగ్రీల వైపు ఎక్కుతుంది, అప్పుడు రంగు, కమ్మని వాసన మొదలవుతాయి. ఆ వాసన వెనక ఉన్న రసాయన చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ 1912లో వివరించాడు. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు చక్కెరలతో కలిసి వందలాది కొత్త పదార్థాలను పుట్టిస్తాయి. రొట్టె పెచ్చుకూ, వేయించిన పల్లీలకూ, కాల్చిన కోడికీ ఉన్న రుచి అక్కడిదే.

కాబట్టి ఓవెన్‌లో కూర ముక్కలు కరకరలాడాలంటే పెంచాల్సింది వేడిని కాదు. ముక్కలను కడిగాక పొడిగుడ్డతో ఒత్తి తుడవాలి, నూనె పలచగా పట్టించాలి, ట్రేలో ఒకదానికొకటి తగలకుండా పరవాలి. ఉప్పు ముందే కలిపి అరగంట ఉంచితే ముక్క నీరు వదిలి చెమ్మగిల్లుతుంది. ట్రే నిండా గుట్టగా పోస్తే మధ్యలో పుట్టిన ఆవిరి బయటికి పోయే దారి లేక ముక్కలు ఉడుకుతాయి తప్ప కాలవు. ఓవెన్ కొన్న కొత్తలో "మాది సరిగా కాలట్లేదు" అని నాతో అన్నవాళ్ళ ట్రేలు చూస్తే పదింట ఎనిమిదిసార్లు కారణం ఈ గుట్టే.

గాలికి దారి వదలడం అన్నిటికీ వర్తిస్తుంది. ట్రే ఓవెన్ గోడలకు ఆనకూడదు, చుట్టూ మూడు నాలుగు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. అంచులు తక్కువ ఉన్న పళ్ళెం అయితే గాలి ముక్కల మీదుగా పోతుంది. లోతైన గిన్నె అయితే అంచులమీదుగా దాటిపోయి అడుగున ఉన్నది అలాగే ఉంటుంది. ఏదైనా ఒలుకుతుందని ఓవెన్ అడుగున అల్యూమినియం ఫాయిల్ పరిచేవాళ్ళున్నారు. అది గాలికి అడ్డు, పైగా కింది కడ్డీ వేడిని తిప్పికొట్టి ఆ కడ్డీనీ అడుగు రేకునూ పాడుచేస్తుంది. ఒలికితే పట్టడానికి ఓవెన్‌తో వచ్చే చిన్న ట్రే ఉంటుంది, అది చాలు.

మూడొందల యాభై

మా అక్క కూతురు డాలస్‌లో ఉంటుంది. మొదటిసారి నేను కేకు చేస్తుంటే ఫోన్‌లో చెప్పింది: "మూడొందల యాభైలో పెట్టు పిన్నీ, నలభై నిమిషాలు." నా ఓవెన్ మీట 250 దగ్గరే ఆగిపోయింది. సరే ఉన్నంత పెడదామని 250లో పెట్టాను. పావుగంటలో పైన నల్లటి పెంకు, లోపల జారుడు పిండి. తను చెప్పింది ఫారెన్‌హీట్. 350 ఫారెన్‌హీట్ అంటే 177 సెల్సియస్. పిండి, వెన్న, చక్కెర ఇంటిల్లిపాది కోసం తెచ్చుకున్నవి, అన్నీ పోయాయి. అమెరికాలో ఉన్న పిల్లలు, ఇక్కడున్న అమ్మలు, పిన్నులు వంటలు చెప్పుకునే ఇళ్ళలో ఈ పొరపాటు ఇంకా జరుగుతూనే ఉంది కాబట్టి చెబుతున్నాను. ఫారెన్‌హీట్ అంకెలోంచి 32 తీసేసి, వచ్చినదాన్ని 5తో గుణించి 9తో భాగిస్తే సెల్సియస్ వస్తుంది.

అది ఒక మెట్టు. రెండో మెట్టు ఫ్యాన్. మామూలు ఓవెన్‌కు రాసిన వంటను ఫ్యాన్‌తో చేసేటప్పుడు 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించాలి, లేదా అదే వేడిలో సమయం తగ్గించాలి. గాలి పొర పలచబడింది కాబట్టి తక్కువ వేడే అంత పనీ చేస్తుంది. డాలస్ 350 ఇక్కడ ఫ్యాన్ వేస్తే 160. నేను ఎప్పుడూ చెప్పిన సమయానికి పది నిమిషాల ముందే అద్దంలోంచి చూడడం మొదలుపెడతాను. తలుపు మాత్రం తీయను. తీసిన ప్రతిసారీ లోపలి వేడిగాలి ఒక్క ఊపులో బయటికి వచ్చేస్తుంది, సగం పొంగిన కేకు కూలబడుతుంది.

కేకు విషయంలో ఫ్యాన్ నిజంగా అవసరమా అంటే, నా అనుభవంలో అన్నిటికీ కాదు. పైపొర తొందరగా గట్టిపడితే లోపలి పిండి పొంగి దాన్ని చీల్చుకుని వస్తుంది, నెత్తిన పగులు వస్తుంది. మెత్తని స్పాంజి కేకులకూ, గుడ్డు పాలతో చేసే కస్టర్డుకూ ఫ్యాన్ ఆపి కింది కడ్డీ, పై కడ్డీ రెండూ వాడడమే మేలు. బ్రెడ్డుకు మొదటి పది నిమిషాలు తడిగాలి కావాలి, పైపొర సాగుతూ పొంగడానికి. ఆ తర్వాత ఫ్యాన్ వేస్తే పెచ్చు బాగా కట్టుకుంటుంది. బిస్కెట్లు, నాన్‌ఖటాయీ, కూర ముక్కలు, కోడి, చేప, పల్లీలు, ఇవి ఫ్యాన్‌కు చక్కగా ఒదుగుతాయి. పచ్చడికి వంకాయ మాత్రం పొయ్యి సెగ మీదే కాల్చుకోండి. ఓవెన్‌లో అది మెత్తగా మగ్గుతుంది గానీ తొక్క మాడి పుట్టే పొగవాసన రాదు, ఆ వాసన లేని వంకాయ పచ్చడి నాకైతే ఒప్పదు.

మీట మీద అంకెను గుడ్డిగా నమ్మడానికి లేదు. ఓవెన్ లోపలి థర్మోస్టాట్ వేడి ఒక హద్దు దాటగానే కరెంటు ఆపుతుంది, కొంత తగ్గాక మళ్ళీ ఇస్తుంది. 180 అని పెడితే లోపల 165 నుంచి 195 దాకా ఊగుతూ ఉండడం చాలా ఓవెన్లలో మామూలే. దానికి తోడు మీట అంకె కూడా పది ఇరవై డిగ్రీలు అటూ ఇటూ ఉండొచ్చు. లోపల తగిలించే చిన్న ఓవెన్ థర్మామీటరు కొంటే ఈ తేడా తేలిపోతుంది. అది లేకపోతే చక్కెర ఉంది. పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చిన్న స్టీలు పళ్ళెంలో చెంచాడు పంచదార వేసి, బాగా వేడెక్కిన ఓవెన్‌లో మీట 175 మీద పావుగంట ఉంచండి. కరిగిపోయిందంటే మీ ఓవెన్ చెప్పినదానికన్నా ఎక్కువ వేడెక్కుతోంది. తర్వాత 195లో పెట్టి చూడండి. అప్పటికీ కరగలేదంటే తక్కువ. ఇక ఏ మూల ఎక్కువ కాలుతుందో తెలియాలంటే ట్రే నిండా బ్రెడ్డు ముక్కలు పరిచి 180లో పది నిమిషాలు ఉంచండి. ఫ్యాన్ ఉన్న వైపు ముక్కలు ముందు ఎరుపెక్కుతాయి. ఆ రంగులే మీ ఓవెన్ పటం, దాన్ని ఫోటో తీసి పెట్టుకుంటే ట్రేను సమయంలో మూడింట రెండు వంతులు గడిచాక ఎటు తిప్పాలో ఎప్పటికీ తెలిసినట్టే.

ప్లగ్గు దగ్గర

గాలి సంగతి తెలిస్తే వంట బాగుపడుతుంది. కరెంటు సంగతి తెలియకపోతే ఇల్లే ప్రమాదంలో పడుతుంది, కాబట్టి ఇక్కడ కాస్త లెక్క చెప్పక తప్పదు.

మనకు ఇంటికి వచ్చేది 230 వోల్టులు. ఓవెన్ వెనక రేకు మీద 2000 వాట్లు అని ఉంటే, 2000ను 230తో భాగించాలి, 8.7 ఆంపియర్లు. గోడమీద చిన్న సాకెట్టు, అంటే ఫోన్ చార్జర్లూ మిక్సీ పెట్టుకునేది, 6 ఆంపియర్లకు మాత్రమే తగినది. 230తో గుణిస్తే 1380 వాట్లు, అంతవరకే దాని సత్తా. ఓవెన్‌కు కావలసింది గీజరుకూ ఏసీకీ వాడే పెద్ద సాకెట్టు, 16 ఆంప్స్‌ది. ఓవెన్ ప్లగ్గు పిన్నులు లావుగా ఉండి చిన్న సాకెట్టులో పట్టకపోవడం కంపెనీవాళ్ళు ఉద్దేశపూర్వకంగా చేసిన రక్షణ. బజారులో కన్వర్టరు కొని ఆ రక్షణను దాటేస్తున్నాం మనం. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడడం కూడా అంతే ప్రమాదం. దానిలోని తీగ సన్నం, పొడవు ఎక్కువ, పైగా అదే బాక్సులో మిక్సీయో ఇస్త్రీపెట్టెయో ఉంటుంది.

వదులైన కనెక్షన్ ఎందుకు కాలుతుందో చూడండి. పిన్ను సరిగా బిగుసుకోని చోట ఒక ఓమ్‌లో పదో వంతు నిరోధం ఏర్పడిందనుకుందాం. 8.7 ఆంపియర్లు దానిగుండా పోతుంటే అక్కడ పుట్టే వేడి 8.7ను 8.7తో గుణించి, దాన్ని మళ్ళీ 0.1తో గుణించినంత, అంటే ఏడున్నర వాట్లు. పెద్ద అంకెలా కనిపించదు. అదంతా బియ్యపుగింజంత చోట, మూసి ఉన్న ప్లాస్టిక్ లోపల, ముప్పావుగంటసేపు పోగవుతుంది. మా ఇంట్లో ఒకసారి కేకు వాసనలోంచి కాలిన బెకలైట్ వాసన వచ్చింది. చూస్తే సాకెట్టు చుట్టూ గోధుమరంగు మచ్చ, ప్లగ్గు తీయబోతే మెత్తగా సాగింది. కరెంటు హద్దు దాటితే పడిపోయే ఎంసీబీ స్విచ్ పడలేదు, ఎందుకంటే కరెంటు హద్దు దాటలేదు, ఒకే చుక్కలో వేడి పుట్టింది. అప్పట్నుంచి కొత్త వంట మొదలుపెట్టిన పావుగంటకు స్విచ్ ఆపి ప్లగ్గును చేత్తో తాకి చూస్తాను. గోరువెచ్చన అయితే సరే. చెయ్యి ఆనలేనంత వేడి ఉంటే వంట అక్కడితో ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

మూడో పిన్ను, పైన లావుగా పొడవుగా ఉండేది, ఎర్త్‌ది. ఓవెన్ ఒళ్ళంతా ఇనుము. లోపల ఎక్కడైనా తీగ తొక్క ఊడి రేకుకు తగిలితే కరెంటు ఎర్త్ దారిలో పోవాలి, ఆ దారి లేకపోతే ముట్టుకున్నవాళ్ళ గుండా పోతుంది. పాత ఇళ్ళలో సాకెట్టుకు మూడు రంధ్రాలున్నా మూడోదాని వెనక ఎర్త్ తీగే ఉండకపోవడం చూశాను. ఓవెన్ కొనేముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించుకోవడం, మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం, ఈ రెండిటికీ అయ్యే ఖర్చు ఓవెన్ ధరతో పోల్చితే తక్కువ. కరెంటు ఎక్కడైనా లీకైతే సెకనులో చిన్న భాగంలో ఆర్‌సీసీబీ ఆపేస్తుంది.

వానాకాలంలో ఓవెన్ వేయగానే ఈ ఆర్‌సీసీబీ పడిపోతుంటే దానికి ఒక ముచ్చటైన కారణం ఉంది. కడ్డీ పైకి ఒకటే ఇనుప గొట్టంలా కనిపిస్తుంది గానీ లోపల నైక్రోమ్ తీగ చుట్ట ఉంటుంది. నికెల్, క్రోమియం కలిపిన ఈ లోహానికి అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ 1906లో పేటెంటు పొందాడు. ఎర్రగా కాలినా త్వరగా తుప్పుపట్టి తెగిపోని తీగ అది, ఈనాటి హీటర్లు, ఇస్త్రీపెట్టెలు, ఓవెన్లు అన్నీ దానిమీదే బతుకుతున్నాయి. ఆ తీగ గొట్టానికి తగలకుండా మధ్యలో మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. ఆ పొడి వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. కానీ గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. మూడు నెలలు వాడకుండా అటక మీద పెట్టిన ఓవెన్‌లో ఆ చెమ్మగుండా కొద్దిగా కరెంటు గొట్టానికి లీకవుతుంది, ఆర్‌సీసీబీ తన పని తాను చేస్తుంది. అప్పుడు ఆర్‌సీసీబీని తీసేయించడం, ఎర్త్ తీగ ఊడదీయడం చేయకూడదు. మెకానిక్‌కు చూపించి కడ్డీలను ఆరబెట్టించుకోవాలి, చెడిపోతే మార్పించుకోవాలి. వానాకాలంలో పదిహేను రోజులకొకసారైనా ఓవెన్ వేస్తూ ఉంటే ఆ చెమ్మ పోతూ ఉంటుంది.

కొత్త ఓవెన్ మొదటిసారి వేస్తే పొగ, నూనె వాసన వస్తాయి. ఫ్యాక్టరీలో కడ్డీలకు తుప్పు పట్టకుండా పూసిన పూత కాలడమే అది. కిటికీలు తెరిచి, లోపల ఏమీ లేకుండా, ఎక్కువ వేడిలో పావుగంట ఇరవై నిమిషాలు నడిపి చల్లారనివ్వాలి. ఓవెన్ ఉండే చోటు కూడా ముఖ్యం. వెనకా పక్కలా కనీసం పది సెంటీమీటర్లు, పైన ఇంకొంచెం ఎక్కువ ఖాళీ వదలండి. ఫ్రిజ్ నెత్తిన, కర్టెన్ పక్కన, చెక్క అలమారా అరలో పెట్టవద్దు. ఓవెన్ పైన రొట్టెల డబ్బా, ప్లాస్టిక్ పళ్ళెం పెట్టే అలవాటు చాలా వంటిళ్ళలో ఉంది. ఆ పైరేకు చెయ్యి కాల్చేంత వేడెక్కుతుంది.

కాగితం, గాజు, మసిగుడ్డ

ఫ్యాన్ ఉన్న ఓవెన్‌లో కాగితం ప్రత్యేకంగా ప్రమాదం. ట్రేలో బేకింగ్ పేపరు పరిచి, ముందు ఖాళీగా వేడెక్కనిస్తే, మీద బరువు లేని ఆ కాగితం గాలికి లేచి కడ్డీకి తగిలి అంటుకుంటుంది. కాగితాన్ని ట్రే కొలతకు కత్తిరించి, మీద పిండి పెట్టాకే లోపల పెట్టాలి. బజారులో బటర్ పేపర్ అని అమ్మేవన్నీ ఓవెన్‌కు తగినవి కావు. ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటుందో పెట్టె మీద రాసి ఉన్నదే కొనండి. మైనం పూసిన కాగితం, న్యూస్‌పేపరు అసలే వద్దు. లోపల ఏదైనా అంటుకుంటే తలుపు తీయకూడదు, నీళ్ళు చల్లకూడదు. గోడ దగ్గర స్విచ్ ఆపండి. తలుపు మూసి ఉంటే లోపలి ఆక్సిజన్ అయిపోయి మంట దానంతటదే ఆరుతుంది.

గాజు గిన్నె వేడికన్నా వేడిలో తేడాకు ఎక్కువ భయపడుతుంది. మామూలు గాజు వేడికి వ్యాకోచించేదానిలో మూడో వంతు మాత్రమే బోరోసిలికేట్ గాజు వ్యాకోచిస్తుంది. జర్మనీలో ఒట్టో షాట్ 19వ శతాబ్దం చివర్లో తయారుచేసిన గాజు అది. అందుకే ఓవెన్‌కు ఆ రకమే వాడతారు. అదైనా ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా 200 డిగ్రీల్లో పెడితే, లేదా ఓవెన్‌లోంచి తీసి తడి గ్రానైట్ గట్టుమీద పెడితే పగిలే అవకాశం ఉంది. గిన్నె కింద చెక్క పీటో, మడత పెట్టిన పొడిగుడ్డో ఉంచండి. తలుపు అద్దం వేడిగా ఉన్నప్పుడు తడిగుడ్డతో తుడవడం కూడా ఇలాంటి పనే.

పొడిగుడ్డ అని నొక్కి చెబుతున్నది అందుకే కాదు. మన వంటింట్లో మసిగుడ్డ ఎప్పుడూ కాస్త తడిగానే ఉంటుంది. గుడ్డ మన చేతిని కాపాడేది దాని పోగుల మధ్య ఉన్న గాలివల్ల. ఆ గాలి స్థానంలో నీరు చేరితే వేడి ఇరవై రెట్లకు పైగా వేగంగా చేతికి వస్తుంది, కొంత ఆవిరై మరీ కాలుస్తుంది. పొయ్యి మీది గిన్నె దించడానికి ఆ మసిగుడ్డ సరిపోతుంది, అది 100 డిగ్రీల దగ్గరి సంగతి. 220 డిగ్రీల ట్రేకు సరిపోదు. ఓవెన్‌కని విడిగా మందపాటి గ్లోవ్స్ ఉంచుకోవాలి, అవి ఎప్పుడూ పొడిగా ఉండాలి. పట్టకారు కూడా ట్రేకు పనికిరాదు, ఒకవైపు పట్టి లేపితే రెండోవైపు వాలిపోతుంది.

200 డిగ్రీల గాలిలో చెయ్యి ఒక క్షణం పెట్టి తీసినా ఏమీ కాదు, అదే 200 డిగ్రీల్లో ఉన్న జాలీకి మణికట్టు తగిలితే బొబ్బ వస్తుంది. స్టీలు గాలికన్నా కొన్ని వందల రెట్లు జోరుగా వేడిని చేరవేస్తుంది. నేను చూసిన ఓవెన్ కాలిన గాయాలన్నీ ఆ మణికట్టు పైభాగంలోనే, పై కడ్డీకి తగిలినవే. జాలీని బయటికి లాగి ట్రే తీయండి, చెయ్యి లోపలికి పెట్టకండి. తలుపు తీసేటప్పుడు పక్కకు నిలబడండి, ఆవిరి ముందు మొహానికే వస్తుంది. కాలితే వెంటనే కుళాయి కింద 20 నిమిషాలు మామూలు చల్లటి నీళ్ళు. ఐసు వద్దు, టూత్‌పేస్టు వద్దు, సిరా వద్దు, పసుపు వద్దు. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. బొబ్బ అరచేతికన్నా పెద్దదైనా, కాలింది చిన్నపిల్లలైనా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రంగు చూసి మోసపోకూడని వంట కోడి. ఫ్యాన్ వేస్తే తొడ ముక్క పైన ఎర్రగా కమ్మగా కనిపించేసరికి ఎముక దగ్గర ఇంకా పచ్చిగా ఉండొచ్చు. లోపల 74 డిగ్రీలు దాటాలి. గుచ్చి చూసే థర్మామీటరు మాంసం వండే ఇంట్లో ఉండవలసిన వస్తువని నేను గట్టిగా నమ్ముతాను. బంగాళదుంపల విషయంలో రంగు మరోలా పనికొస్తుంది. 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు పిండి పదార్థాలను 120 డిగ్రీలకు పైన వేయించినా కాల్చినా అక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని బయటపెట్టారు. జంతువుల్లో అది క్యాన్సర్‌కు దారితీస్తుందని తేలింది. ముక్క ముదురు రంగుకు తిరిగేకొద్దీ అది పెరుగుతుంది, కాబట్టి బంగారు రంగు రాగానే తీసేయడం మంచిది. దుంపలను ఫ్రిజ్‌లో ఉంచితే వాటిలో చక్కెరలు పెరిగి ఇంకా త్వరగా నల్లబడతాయి. బుట్టలో, చీకటి మూలన ఉంచితే చాలు.

కరెంటు బిల్లు సంగతి. 2000 వాట్ల ఓవెన్ పది నిమిషాలు వేడెక్కడానికి మూడో వంతు యూనిట్టు తింటుంది. ఆ తర్వాత థర్మోస్టాట్ ఆపుతూ వేస్తూ ఉంటుంది కాబట్టి, ముప్పావుగంట వంటకు మొత్తం ఒక యూనిట్టు, అటూ ఇటూ. ఒక చిన్న గిన్నెడు కూర వేడిచేయడానికి ఇది దండగ. అదే వేడిలో ఒక ట్రే బిస్కెట్లు, తర్వాత కూర ముక్కలు, ఆ తర్వాత పల్లీలు వరసగా పెట్టుకుంటే గిట్టుబాటు. చివరి ఐదు నిమిషాలకు స్విచ్ ఆపేసినా లోపలి వేడే పని పూర్తిచేస్తుంది.

అంతా అయ్యాక కూడా పెట్టెలో వేడి మిగులుతుంది. కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టిన కరివేపాకును నేను అప్పుడు పెడతాను. వేడి 100 డిగ్రీల కిందికి దిగాక, స్విచ్ వేయకుండా, తలుపు వేలెడంత తెరిచి ఉంచితే అరగంటకు ఆకు పొడికి తగినట్టు గలగలమంటుంది, పచ్చరంగు కూడా పోదు. చాలకపోతే 60 డిగ్రీల్లో ఫ్యాన్ వేసి ఇంకో పది నిమిషాలు. అలా వేసేటప్పుడు మాత్రం ట్రే మీద ఒక స్టీలు జల్లెడ బోర్లించాలి. కరివేపాకు తేలిక, ఆ గాలికి లేచి కడ్డీ మీద పడుతుంది.